వైరల్ లోడ్ అన్‌డిటెక్టబుల్ అయినా ఆవిడ దగ్గరికి వెళ్ళాలంటే భయం, కోరిక గురించి ఎవర్ని అడగాలి?

రెండోవరుస
నాకు హెచ్ఐవీ ఉంది, మా ఆవిడకి లేదు. మందులు వదలకుండా వేసుకుంటున్నా, చాలా ఏళ్ళుగా వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే రిపోర్ట్‌లో టార్గెట్ నాట్ డిటెక్టెడ్, కనబడట్లేదు అనే వస్తోంది. ఒంట్లో బానే ఉంది, పని చేసుకుంటున్నా. సమస్య ఏంటంటే రాత్రి ఆవిడ చెయ్యి వేస్తే ఒళ్ళు బిగుసుకుపోతుంది. ఇష్టం ఉంది, కోరికా ఉంది, కానీ సరిగ్గా ఆ టైంకి కండోమ్ చిరిగితేనో, నావల్ల తనకి వస్తేనో అని ఒక ఆలోచన వస్తుంది చూడండి, అంతే, మొత్తం దిగిపోతుంది. నిద్రొస్తోందని అటు తిరిగి పడుకోవడం అలవాటైపోయింది. తనేమో నా మీద ఇష్టం పోయిందనుకుంటోంది. చెకప్‌కి వెళ్తే మందులు వేసుకుంటున్నారా, కండోమ్ వాడుతున్నారా, ఈ రెండే అడుగుతారు. మీరిద్దరూ ఎలా ఉన్నారు అని ఒక్కరూ అడగరు. నేనే అడుగుదామంటే ఈ జబ్బు పెట్టుకుని ఇంకా అదే ధ్యాసా అనుకుంటారేమోనని నోరు పెగలదు. ఇది నా ఒక్కడికేనా? మందుల వల్లా, మనసు వల్లా?

గళ్ళచొక్కా
నీ ఒక్కడికే కాదు బ్రో. ఇక్కడ చదివేసి మాట్లాడకుండా వెళ్ళిపోయేవాళ్ళలో చాలామందిది ఇదే కథ. అడిగావు, మంచి పని చేశావు.

వానచినుకు
నేను మీ ఆవిడ పక్షం. మా ఆయనకి ఉంది, నాకు లేదు, పెళ్ళికి ముందే తెలుసు, తెలిసే చేసుకున్నా. మీరు అటు తిరిగి పడుకున్నప్పుడు ఆవిడ వైరస్ గురించి ఆలోచించదండీ. నాలో ఏం లోపం వచ్చింది, లావయ్యానా, ఇంకెవరైనా ఉన్నారా, ఇవే తిరుగుతుంటాయి బుర్రలో. మా ఇంట్లోనూ కొన్నాళ్ళు ఇదే నడిచింది. నన్ను కాపాడుతున్నా అనుకుంటూ నాకు ఒక్క మాట చెప్పకుండా నా తరఫున కూడా ఆయనే తేల్చేసుకున్నారు, నాకు ఒళ్ళు మండింది అక్కడే. నా ఒంటి సంగతి తేల్చేటప్పుడు నన్నూ అడగాలి కదా. నాకు భయంగా ఉంది అనే మాట ముందు నోటితో చెప్పండి. మిగతావన్నీ తర్వాత.

గళ్ళచొక్కా
ఈ పోస్ట్ ప్రింట్ తీసి మంచం పక్కన గోడకి అంటించుకోవాలి అందరం.

తెల్లకోటు
హెచ్ఐవీ క్లినిక్‌లో నర్సుని. భయపడకండి అంటే భయం పోదు కాబట్టి లెక్కలే చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి.

మందులతో వైరస్ కనబడని స్థాయికి దిగినవాళ్ళు సెక్స్ ద్వారా అంటించరని 2008లోనే స్విట్జర్లాండ్ డాక్టర్లు బాహాటంగా చెప్పారు. అప్పుడు వాళ్ళకి తిట్లే ఎక్కువ పడ్డాయి. 2011లో హెచ్‌పీటీఎన్ 052 అనే స్టడీ ఫలితాలొచ్చాయి, 1,763 జంటలు, ఒకరికి ఉండి ఒకరికి లేనివాళ్ళు. వెంటనే మందులు మొదలుపెట్టిన జంటల్లో ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోవడం 96 శాతం తగ్గింది. తర్వాత యూరప్‌లో పార్ట్‌నర్ స్టడీ, 2016లో బయటికొచ్చింది. 888 జంటలు, కండోమ్ లేకుండా దాదాపు 58,000 సార్లు కలిశారు. మందుల మీదున్న మనిషి నుంచి జోడీకి అంటిన కేసు ఒక్కటీ లేదు. మధ్యలో కొంతమందికి కొత్తగా వచ్చిన మాట నిజమే, కానీ వైరస్ జన్యువులు పోల్చి చూస్తే ఇంట్లో మనిషిది కాదు, బయటి నుంచి వచ్చింది. 2019లో రెండో విడత మగ జంటల మీద చేశారు, 782 జంటలు, 76,000 పైచిలుకు సార్లు, మళ్ళీ సున్నా. ఈ రెండు పార్ట్‌నర్ స్టడీల్లో వైరస్ అదుపులో ఉందనడానికి పెట్టుకున్న గీత మిల్లీలీటరుకి 200 కాపీలు. డబ్ల్యూహెచ్ఓ కూడా 2023లో తేల్చి చెప్పింది, టెస్ట్‌లో వైరస్ కనబడకపోతే భాగస్వామికి అంటుకునే రిస్క్ సున్నా అని. తక్కువ కాదండీ, సున్నా.

యూ ఈక్వల్స్ యూ అని వింటుంటారే, అంటే అన్‌డిటెక్టబుల్ అయితే అన్‌ట్రాన్స్‌మిటబుల్, కనబడకపోతే అంటదు అని, అది ఇదే.

పాతకాపు
అందరూ ఇలా సున్నా సున్నా అంటుంటే నాకు నచ్చట్లేదు. స్టావుడిన్ అనే పాత హెచ్ఐవీ మందు వేసుకున్న రోజుల నుంచి మందుల మీదున్నా నేను. బుగ్గలు లోపలికి పోయి, చేతుల మీద నరాలు తాళ్ళలా తేలి, ఎదుటివాడు మొహం చూసే చెప్పేసేవాడు వీడికి అదని. అప్పుడు కూడా డాక్టర్లు ధీమాగానే మాట్లాడారు. కండోమ్ లేకుండా అనే మాట మా తరానికి మింగుడు పడదు. ప్రేమ ఉంటే కండోమ్ వేసుకోవడానికి ఏం నొప్పి? రెండోవరుస తమ్ముడూ, నీ భయమే నిన్ను కాపాడుతోంది, దాన్ని వదలకు.

వానచినుకు
పాతకాపు గారూ, మీరు పడ్డదానికి చేతులెత్తి మొక్కుతా. కానీ ఆయన ఇప్పుడు కండోమ్ వేసుకుని కూడా దగ్గరికి రాలేకపోతున్నారు కదా. ఆ భయం ఎవర్ని కాపాడుతున్నట్టు?

తెల్లకోటు
స్టావుడిన్ వల్ల ఎంతమంది మొహాలు మారిపోయాయో నేనూ చూశా. ఆ మందుని మెల్లగా ఆపేయమని డబ్ల్యూహెచ్ఓ 2009లోనే చెప్పింది, ఇప్పుడు ఎక్కువమంది వేసుకునేది డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర, దానికీ దీనికీ పోలికే లేదు. కండోమ్ వద్దని నేనెప్పుడూ అనను. సిఫిలిస్, గనేరియా, క్లమీడియా, హెర్పిస్, వీటిని హెచ్ఐవీ మందులు ఆపవు. వద్దనుకున్న గర్భాన్నీ ఆపవు. కండోమ్ పెట్టుకోవాలా అనేది జంట మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన సంగతి. కానీ పెట్టుకోకపోతే హెచ్ఐవీ వస్తుంది అని అన్‌డిటెక్టబుల్ మనిషిని బెదిరించడం మాత్రం తప్పు సమాచారం.

బ్లూజీన్స్
అన్నా, ఆ 782 జంటల ముచ్చట ఉంది చూడు, అది మాలాంటోళ్ళ కోసమే చేసిన్రు. అంతకుముందు ఎవల్ని అడిగినా ఆడ మగ జంటలకైతే నిజమే గానీ మీకు తెల్వదు అనేటోళ్ళు. ఆ రిజల్ట్ చదివిన రోజు నేనూ మావోడూ కూసొని ఏడ్చినం. నా ఒళ్ళు వాడికి డేంజర్ కాదు అని ఎవలో లెక్క కట్టి చెప్పిన్రన్నట్టు. సిఫిలిస్ సంగతి మాత్రం మర్వకండ్రి, పుండు నొప్పి లేకుంట వచ్చి దానంతటదే పోతది, పోయిందనుకుంటం, లోపల ఉంటనే ఉంటది. మేం వైరల్ లోడ్ తీసే రోజే దానికి గూడ రక్తం ఇస్తం.

నెమలికన్ను
పైనుంచి చదువుతున్నా, అంతా మగాళ్ళకి లేవడం దిగడమేనా? ఆడవాళ్ళకి కోరిక ఉండదా?

మా ఆయన పోయాడు. నాకూ ఉందని అప్పుడే తెలిసింది. అత్తారింట్లో, పుట్టింట్లో అందరూ ఒకటే మాట, పిల్లల్ని చూసుకుంటూ బతుకు, దేవుడు ఇంకో అవకాశం ఇచ్చాడు అని. ఆ అవకాశంలో నా ఒళ్ళు లేదట. కొన్నేళ్ళ తర్వాత ఒక మంచి మనిషి పరిచయమయ్యాడు, అన్నీ చెప్పా, సరే అన్నాడు. తీరా దగ్గరయ్యాక మంట, నొప్పి, పొడిబారిపోయి రక్తం చుక్కలు కూడా కనబడ్డాయి. డాక్టర్‌కి చెప్తే రిపోర్ట్ మీద నుంచి కళ్ళు కూడా ఎత్తకుండా ఈ వయసులో ఇంకా ఎందుకమ్మా ఇవన్నీ అన్నారు. నలభై దాటిన మగాడు వెళ్ళి ఇదే అడిగితే అలా అంటారా? ఇంటికొచ్చి ఆయనతో మాట్లాడటమే మానేశా. తప్పు నాదే అన్నట్టు సిగ్గుతో చచ్చిపోయా.

వానచినుకు
నెమలికన్ను అక్కా, సిగ్గుపడాల్సింది ఆ మాట అన్నవాళ్ళు.

తెల్లకోటు
నెమలికన్ను గారూ, మీకు వేరేగా రాయాలి ఇది. మీకు జరిగింది అవమానమే. నొప్పి అనేది లక్షణం, దానికి పరీక్ష చేయించుకోవడం మీ హక్కు. పొడిబారడానికి కారణాలు బోలెడు, మెనోపాజ్ దగ్గర పడటం, ఇన్ఫెక్షన్, కొన్ని డిప్రెషన్ మందులు, భయంతో కండరాలు బిగుసుకోవడం. హెచ్ఐవీ ఉన్న కొంతమందికి మెనోపాజ్ ముందే వస్తుంది కూడా. ముందు నీటితో చేసిన లూబ్రికెంట్ జెల్ వాడి చూడండి, కొంచెం కాదు, ధారాళంగా వాడాలి. కొబ్బరినూనె, వాజిలిన్ లాంటివి లేటెక్స్ కండోమ్‌ని పాడుచేస్తాయి, కండోమ్ వాడేట్టయితే వాటి జోలికి పోకండి. దానితో తగ్గకపోతే యోనిలో రాసుకునే హార్మోన్ క్రీములు ఉన్నాయి, గైనకాలజిస్ట్ చూసి రాస్తారు.

రక్తం చుక్కలు అన్నారు కాబట్టి గర్భాశయ ముఖద్వారం పరీక్ష తప్పకుండా చేయించుకోండి. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్ళకి ఆ క్యాన్సర్ ముప్పు దాదాపు ఆరు రెట్లు ఎక్కువ. అందుకే మన వాళ్ళకి 25 ఏళ్ళ నుంచే హెచ్‌పీవీ టెస్ట్, అంటే ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసే పరీక్ష, మొదలుపెట్టి 3 నుంచి 5 ఏళ్ళకోసారి చేయించుకోమని డబ్ల్యూహెచ్ఓ చెప్తుంది. ముందుగా పట్టుకుంటే క్యాన్సర్ అయ్యేదాకా పోనివ్వకుండా ఆపొచ్చు.

రెండోవరుస
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. వానచినుకు గారు చెప్పినట్టే మా ఆవిడతో మాట్లాడా. రిపోర్ట్ ముందు పెట్టా. ఆ లైన్ మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది, దీనర్థం ఏంటి అంది, చెప్పా. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత గట్టిగా ఒకటి వేసింది వీపు మీద, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని. రాత్రి పట్టుకుని పడుకున్నాం, అంతే, ఇంకేం లేదు. కానీ అటు తిరగలేదు.

ఇంకో డౌట్. భయమే కాకుండా ఒంట్లో కూడా ఏదైనా తేడా ఉండొచ్చా? టెస్టోస్టిరాన్ అంటున్నారు కదా.

గళ్ళచొక్కా
వీపు మీద పడింది అంటే కేసు సగం గెలిచినట్టే బ్రో.

తెల్లకోటు
ఉండొచ్చు. హెచ్ఐవీ ఉన్న మగవాళ్ళలో టెస్టోస్టిరాన్ తగ్గడం మామూలుకన్నా ఎక్కువే కనబడుతుంది. ఆ రక్తపరీక్ష పొద్దున్నే ఇవ్వాలి, సాయంత్రానికి దాని స్థాయి మామూలుగానే దిగుతుంది, తక్కువొస్తే ఇంకోరోజు మళ్ళీ చేసి చూస్తారు. దాంతో పాటు షుగర్, బీపీ, థైరాయిడ్, సిగరెట్, మందు అలవాటు, ఇవన్నీ చూడాలి. షుగర్, సిగరెట్ రెండూ రక్తనాళాల్ని దెబ్బతీస్తాయి, అక్కడ దెబ్బ ముందు తెలుస్తుంది. నిద్ర లేచేసరికి గట్టిగా ఉంటోందా అని గమనించుకోండి, ఉంటోందంటే శరీరం చాలావరకు సరిగ్గానే పనిచేస్తోంది, అడ్డం పడేది మనసు అయ్యుండొచ్చు. డిప్రెషన్ గురించి కూడా నిర్మొహమాటంగా చెప్పండి డాక్టర్‌కి, కోరికని ముందు తినేది అదే. పాత మందు ఎఫావిరెంజ్ మీద ఉంటే పీడకలలు, దిగులు వస్తాయి కొంతమందికి, మందు మారిస్తే తేడా తెలుస్తుంది.

అర్ధరాత్రి_రేడియో
ఇవన్నీ ఎందుకు, ఆన్‌లైన్లో నీలం బిళ్ళ దొరుకుతుంది, వేసుకుంటే అయిపోతుంది. నేను సెకండ్ లైన్ హెచ్ఐవీ మందుల మీదున్నా, అటాజనావిర్ రిటోనావిర్, మొన్న తెప్పించా 100 ఎంజీది. ఇంకా వేసుకోలేదు.

మాత్రలడబ్బా
వేసుకోకు!! ఆగు!! ఫార్మసిస్ట్‌ని నేను. రిటోనావిర్ ఏం చేస్తుందంటే లివర్‌లో సిల్డెనాఫిల్‌ని, అదే ఆ నీలం బిళ్ళలో ఉండే మందుని, కరిగించే ఎంజైమ్‌ని ఆపేస్తుంది, అంటే నువ్వేసుకున్న బిళ్ళ ఒంట్లోంచి పోదు, రక్తంలో దాని మోతాదు పదకొండు రెట్ల దాకా పెరుగుతుంది. బీపీ పడిపోయి కళ్ళు తిరిగి పడతావు, గంటల తరబడి దిగకుండా నొప్పితో ఆస్పత్రికి పరిగెత్తాల్సి రావొచ్చు. రిటోనావిర్ లేదా అలాగే పనిచేసే కోబిసిస్టాట్ మీదున్నవాళ్ళకి డాక్టర్ రాసినా 25 ఎంజీ మించకూడదు, అదీ 48 గంటల్లో ఒక్కసారే. అదే రకం మందు టడాలఫిల్ అయితే 10 ఎంజీ, 72 గంటల్లో ఒక్కసారి. ఛాతీనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు అసలు ముట్టుకోకూడదు, మత్తు కోసం పాపర్స్ పీల్చేవాళ్ళు కూడా. డోలుటెగ్రావిర్‌తో ఈ గొడవ లేదు, అయినా గుండె చూపించుకోకుండా మొదలుపెట్టొద్దు.

అర్ధరాత్రి_రేడియో
అమ్మో. పక్కన పెట్టేశా. ఇది ఎవరూ చెప్పలేదే.

మాత్రలడబ్బా
అడిగితే సిగ్గు అని ఎవరూ అడగరు, అడగలేదు కదా అని వాళ్ళూ చెప్పరు. మధ్యలో మనిషి పడిపోతాడు. నాకు కోపం అందుకే.

చిన్నోడు_పాజిటివ్
నేను పుట్టుకతోనే పాజిటివ్. ఇప్పుడు కాలేజీ అయిపోయింది. ఒక అమ్మాయి అంటే ఇష్టం, తనకీ ఇష్టమే. ఇంతవరకు చెయ్యి పట్టుకోవడం తప్ప ఏం లేదు. చిన్నప్పట్నుంచి మా ఇంట్లో, క్లినిక్‌లో నేర్పింది ఒక్కటే, ఎవరికీ చెప్పకు అని. ఇప్పుడు ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. వైరల్ లోడ్ కనబడట్లేదు. అంటదు కదా, అసలు చెప్పాలా?

పాతకాపు
చెప్పాలి బాబూ. మొదటిరోజే చెప్పు, లేకపోతే మోసం.

బ్లూజీన్స్
మొదటిరోజే ఎందుకన్నా? మొదటిరోజు నీ జీతం చెప్తవా, మీ ఇంట్ల గొడవలు చెప్తవా? నమ్మకం కుదిరినంక చెప్పొచ్చు. నేను ఒకడికి తొందరపడి చెప్తే వాడు నలుగురికి మెసేజ్ పెట్టిండు, ఆ ఊరే వదిలిపెట్టిన. తమ్మీ, మనిషిని చూసుకొని చెప్పు.

వానచినుకు
ఇద్దరూ తలో చివర నిలబడ్డారు. చెప్పించుకున్న మనిషిగా నా మాట వినండి. మా ఆయన నాకు చెప్పింది మంచం దాకా వెళ్ళకముందు, పగటిపూట, నేను ఆలోచించుకుని వద్దు అనడానికి కూడా టైం ఉండేట్టు. చెప్పి ఏడవలేదు, బతిమాలలేదు. నాకిది ఉంది, మందులు వాడుతున్నా, దీనివల్ల నీకు రాదు, కావాలంటే నా డాక్టర్‌తో మాట్లాడు అన్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగిందే ఆరోజు. వేరేవాళ్ళ నోట విని ఉంటే మాత్రం క్షమించేదాన్ని కాదేమో. ఇంకోటి, తను కాదంటే అది నీ విలువ మీద తీర్పు కాదు నాన్నా, అది గుర్తుపెట్టుకో.

తెల్లకోటు
చిన్నోడూ, ఒంటరిగా మోయకు. మీ క్లినిక్‌లో కౌన్సిలర్ ముందు ఒకసారి ఆ మాటలు పైకి అని చూడు, అనేసరికి సగం బరువు దిగుతుంది. చెప్పకపోతే ఏమవుతుందనే దాని మీద చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, అదీ అడిగి తెలుసుకో. ఆ అమ్మాయికి ఇంకా ధైర్యం కావాలంటే ప్రెప్ ఉంది, అంటే హెచ్ఐవీ లేనివాళ్ళు అది రాకుండా ముందే తీసుకునే మందు, రోజూ వేసుకునే మాత్ర, రెండు నెలలకోసారి ఇంజెక్షన్, ఇప్పుడు ఆర్నెల్లకోసారి తీసుకునే లెనకాపవిర్ కూడా వచ్చింది, 2025 జులైలో డబ్ల్యూహెచ్ఓ సిఫారసు చేసింది. నీ వైరస్ కనబడకుండా ఉన్నంతకాలం నీ నుంచి రాకుండా ఉండటానికి తనకి అది అవసరం లేదు, కానీ మనసు కుదుటపడటానికి కొంతమంది తీసుకుంటారు, అందులో తప్పేం లేదు. కొత్తగా మందులు మొదలుపెట్టినవాళ్ళ జోడీలకైతే మొదటి ఆర్నెల్లు అది బాగా పనికొస్తుంది.

చిన్నోడు_పాజిటివ్
థాంక్స్ అక్కా, అందరికీ. పగటిపూట అన్న మాట నాకు నచ్చింది. బయట నడుస్తూ చెప్తా.

గళ్ళచొక్కా
నడుస్తూ చెప్తే ఎదురుగా కళ్ళలోకి చూడక్కర్లేదు, మంచి ప్లాన్. మేమంతా నీ వెనకాలే ఉన్నాం, కనబడకుండా.

జంటకాగడా
మేమిద్దరం పాజిటివే. ఇద్దరికీ ఉంది కదా ఇంక మీకేంటి భయం అంటారు అందరూ, కానీ మాకు వేరే భయం, ఒకరి వైరస్ ఇంకొకరికి ఎక్కి మందులు పనిచేయకుండా పోతాయని. పైగా పిల్లలు కావాలని కూడా ఉంది. ఏళ్ళ తరబడి కండోమ్ తీయలేదు.

తెల్లకోటు
ఇద్దరికీ వైరస్ కనబడని స్థాయిలో ఉంటే ఒకరి నుంచి ఒకరికి ఎక్కేదేం లేదు. పిల్లల కోసం మామూలుగానే ప్రయత్నించొచ్చు, ముందు ఇద్దరూ వైరల్ లోడ్ చూపించుకోండి. మందులు లేకపోతే తల్లి నుంచి బిడ్డకి 15 నుంచి 45 శాతం దాకా వచ్చే అవకాశం, మందులు సరిగ్గా వాడితే ఒక్క శాతం లోపుకి కూడా దించొచ్చు. ఒక్క జాగ్రత్త, తల్లిపాల విషయంలో సున్నా అనరు, చాలా తక్కువ అంటారు అంతే. అది డాక్టర్‌తో విడిగా మాట్లాడుకోవాలి.

నెమలికన్ను
జెల్ తెచ్చుకున్నా. వేరే గైనకాలజిస్ట్‌ని కలిశా, ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని ఎప్పట్నుంచి నొప్పి అని అడిగారు, ఆ ఒక్క ప్రశ్నకే కళ్ళనీళ్ళొచ్చాయి నాకు. హెచ్‌పీవీ టెస్ట్‌కి తీసుకున్నారు, ఇంకా రిపోర్ట్ రావాలి. ఆయనకి మళ్ళీ ఫోన్ చేశా. నాకు కావాలి అని మొదటిసారి నోటితో అన్నా.

వానచినుకు
అక్కా ❤️

బ్లూజీన్స్
జబర్దస్త్ అక్కా.

పాతకాపు
ఇన్నిరోజులు చదివి ఒకటి అడుగుతున్నా తెల్లకోటు గారూ. నా సీడీఫోర్, అదే రోగనిరోధక కణాల లెక్క, 700 దాకా ఉంది, చాలా బాగుందన్నారు. వైరల్ లోడ్ మాత్రం తీయించి చాలాకాలం అయింది. మా ఇంటావిడకి లేదు. సీడీఫోర్ అంత ఉంటే నేను కూడా ఆ సున్నాలో ఉన్నట్టేనా?

తెల్లకోటు
లేదండీ, అలా లెక్క కట్టకూడదు. సీడీఫోర్ మీ ఒంటి బలం చెప్తుంది, వైరస్ ఎంత ఉందో చెప్పదు. 700 ఉన్న మనిషికీ వైరస్ ఎక్కువ ఉండొచ్చు, 200 ఉన్న మనిషికీ కనబడకపోవచ్చు. వైరల్ లోడ్ తీయించండి, కనబడట్లేదని వచ్చేదాకా కండోమ్ గురించి మీ మాటే కరెక్ట్. మందులు మధ్యలో ఆపారా ఎప్పుడైనా? ఆపితే రెండు మూడు వారాల్లోనే చాలామందిలో మళ్ళీ లేస్తుంది, అదీ డాక్టర్‌కి చెప్పండి. కాల్షియం, ఐరన్, గ్యాస్‌కి వేసుకునే యాంటాసిడ్‌లు ఏవైనా వాడుతుంటే వాటి పేర్లు కూడా రాసుకెళ్ళండి, డోలుటెగ్రావిర్‌ని సరిగ్గా ఒంటబట్టనివ్వవు అవి, టైం ఎడం పెట్టి వేసుకోవాలి. రిపోర్ట్ వచ్చాక ఇద్దరూ కలిసి రండి, ఆవిడ అడగాల్సినవి ఆవిడకీ ఉంటాయి.